దాదీమా పాకానికి నా నాలుక

నా చిన్నప్పుడు చిత్తూరులో మా వీధివాళ్ళు నన్ను బెల్లంమండీ నాలుక అని పిలిచేవాళ్ళు. మా నాయనకు బజారులో బెల్లం మండీ ఉండేది. పల్లెల నుంచి రైతులు బండ్ల మీద బెల్లం దిమ్మెలు తెచ్చి దించితే, నాయన దిమ్మె అంచున గోటితో గిల్లి, ఆ పలుకును నోట్లో వేసుకుని, కాసేపు కళ్ళు మూసుకునేవాడు. అది ఉప్పునీళ్ళ బావి కింద పండిన చెరుకా, మంచినీళ్ళ చెరుకా, పాకం ముదిరిందా, సున్నం ఎక్కువ పడిందా అన్నీ చెప్పేవాడు. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ ఆయన నోటి వంకే చూసేవాళ్ళు. సెలవు రోజుల్లో నేను కూడా ఆయన పక్కన గోనెసంచి మీద కూర్చుని, ఆయన గిల్లినవన్నీ గిల్లి నోట్లో వేసుకునేదాన్ని.

కళ్ళకు గంతలు కట్టినా నేను ఏ ఊరి బెల్లమో చెప్పేస్తానని మా అమ్మ చుట్టాలందరికీ చెప్పుకునేది. అందులో సగం కూడా నిజం కాదు. మూడు ఊళ్ళ బెల్లం మాత్రం నిజంగానే కనిపెట్టేదాన్ని. మిగిలినవి నాయన ముఖం చూసి చెప్పేదాన్ని. కానీ ఒకసారి పేరు వచ్చిన తరువాత వద్దని ఎవరంటారు, తొమ్మిదేళ్ళ పిల్ల అసలే అనదు.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. గోడకు అవతల ఒక ముస్లిం కుటుంబం. ఆ ఇంటి పెద్దావిడ కొడుకు మామిడికాయల మండీలో కాయలు ఏరి తరగతులు కట్టే పని చేసేవాడు. ఆ కొడుకు కూతురికీ నాకూ ఒకే ఈడు, బడిలో ఒకే బెంచీ. అది తన నాయనమ్మను దాదీమా అంటుంటే విని, మా వీధి పిల్లలందరమూ దాదీమా అనే పిలిచేవాళ్ళం. బక్కపలచటి మనిషి. గట్టిగా మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు. ఇంట్లో ఉర్దూ, గోడ దగ్గరికి వస్తే తెలుగు. మా అమ్మకు చింతపండు కావాలన్నా ఆమెకు కరివేపాకు కావాలన్నా ఆ గోడ మీదుగానే అందుకునేవాళ్ళు.

మామిడికాయల కాలం వస్తే దాదీమా ఇంట్లో పాకం కాచేవాళ్ళు. అది మా వీధికంతా పండగ. చిత్తూరు మామిడిపండు గురించి చెప్పమంటే నేను ఒక పూటంతా చెప్పగలను కానీ ఇక్కడ రెండు చాలు. ఒకటి ఖాదర్ పండు. చిన్నది, పసుపు మీద ఎరుపు తిరిగినది, గదిలో ఒక్కటి పెట్టినా ఇల్లంతా వాసన వేస్తుంది. రెండోది బెంగుళూరు కాయ. పొడుగ్గా, ముక్కు తిరిగి, పచ్చిగా ఉన్నప్పుడు పుల్లగా ఉంటుంది. దాదీమా ఖాదర్ పండ్లను పిసికి, రసాన్ని పలుచటి గుడ్డలో వడగట్టేది. పచ్చి బెంగుళూరు కాయలను తొక్కతోనే ఉడికించి, గుజ్జు తీసి పక్కన పెట్టుకునేది. కళాయి పూసిన రాగి డేగిసాలో చక్కెరపాకం పట్టి, తీగ రాబోతుండగా ముందు పచ్చికాయ గుజ్జు, చివర పండు రసం పోసి, రెండు పొంగులు రాగానే దించేసేది. పండు రసం ఎక్కువసేపు పొయ్యి మీద ఉంటే వాసన చచ్చిపోతుందట. ఆపైన నిమ్మకాయ పిండి, యాలకుల పొడి చల్లి, ఎండలో ఆరబెట్టిన గాజుసీసాల్లో నింపేది.

ఆ సీసా ఒకటి ఇంట్లో ఉంటే అన్నిటికీ పనికొచ్చేది. గ్లాసు అడుగున కొంచెం పాకం వేసి, కుండలోని చల్లటి నీళ్ళు పోసి, నానిన సబ్జా గింజలు కలిపితే షర్బత్. బియ్యపు నూక పాలల్లో ఉడికించి మట్టి మూకుడులో చల్లార్చిన ఫిర్నీ మీద ఒక చెంచా వేస్తే, దాన్ని తినడానికి నేను వారం రోజులు చెప్పినమాట వినేదాన్ని. పాలల్లో కలిపినా బాగుండేది. అన్నిటికంటే ఒట్టి చపాతీకి రాసుకుని గోడ మీద కూర్చుని తింటే ఇంకా బాగుండేది.

నా చిన్నతనంలో కొన్నేళ్ళు రంజాను సరిగ్గా నడివేసవి కత్తిరి ఎండల్లో వచ్చింది. ఉపవాసం విడిచే వేళకు షర్బత్ కావాలి, అంటే పాకం కాచాల్సింది ఉపవాసం ఉన్న చేతులే. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళయినా ముట్టని మనిషి పాకం రుచి ఎట్లా చూస్తుంది? నాలుక చివరన పెట్టి ఉమ్మేస్తే తప్పు లేదని కొందరు అనేవాళ్ళు కానీ దాదీమా ఒప్పుకునేది కాదు. ఇది మా అమ్మకు బాగా అర్థమయ్యేది. మా ఇంట్లో కూడా నైవేద్యానికి వండినది దేవుడి ముందు పెట్టేదాకా ఎవరూ నోట్లో వేసుకోకూడదు. ఉప్పు సరిపోయిందో లేదో దేవుడికే ముందు తెలుస్తుందని అమ్మ నవ్వేది. దాదీమా మాత్రం ఉపవాసం ఉన్నవాళ్ళకు ఇచ్చేది అట్లా గుడ్డిగా ఇవ్వకూడదనేది. అందుకని ఇంట్లో ఉపవాసానికి ఇంకా ఈడు రాని పిల్లలు ఎవరైతే ఉంటారో వాళ్ళ చేత రుచి చూపించేది. అప్పటిదాకా ఆ పని నా నేస్తురాలిదే.

ఆ యేడు అది మొదటి రోజా పట్టింది. వాళ్ళల్లో పిల్లలు మొదటిసారి రోజంతా ఉపవాసం ఉంటే ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద వేడుక చేస్తారు. కొత్త బట్టలు, మెడలో పూలదండ, చుట్టాలు, చేతినిండా కానుకలు. నెల ముందు నుంచే మా నేస్తురాలికి ఇంకో మాట లేదు. నగరి నుంచి మేనత్త వస్తుంది, జరీ అంచు దుపట్టా తెస్తుంది, అందరూ నా పక్కనే కూర్చుంటారు అంటూ బడికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకటే చెప్పడం. నాకు ఒళ్ళు మండేది. నాకు అట్లాంటి వేడుక ఏదీ లేదు. నేనూ ఒక పూట ఉపవాసం ఉంటానని అమ్మతో అంటే, ముందు కాకరకాయ కూర వదలకుండా తిను చూద్దాం అంది.

ఆ వేడుక రోజు పొద్దున దాదీమా గోడ దగ్గరికి వచ్చి, ఈ యేడు పాకం రుచి చూడడానికి నన్ను పంపమని మా అమ్మను అడిగింది. బెల్లంమండీ వాళ్ళ బిడ్డ, దీని నాలికకంటే మంచి నాలిక ఈ వీధిలో యాడుండాది అంది. ఆ మాటకు నేను జానెడు ఎత్తు పెరిగాను. జడ మళ్ళీ వేయించుకుని, మంచి పావడా కట్టుకుని మరీ పోయాను.

దాదీమా పెరట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. కొంగుతో చెమట తుడుచుకుంటూ డేగిసాలో కట్టె గరిటె తిప్పుతోంది. పాకం దించబోతూ, చిన్న గాజు గ్లాసులో ఒక చెంచా వేసి, కుండనీళ్ళు కలిపి నాకు ఇచ్చింది. ఆ మొదటి గుటక నాకు ఇప్పటికీ గుర్తుంది. ముందు ఖాదర్ పండు వాసన, తరువాత తీపి, అంతా అయిపోయిందనుకునేసరికి నాలుక అంచుల మీద పచ్చికాయ పులుపు. వంక పెట్టడానికి ఏమీ లేదు.

బాగుందని చెబితే ఆ ఒక్క గుటకతో నా పని అయిపోతుంది. గ్లాసు కడిగి బోర్లిస్తారు. మళ్ళీ ఆ షర్బత్ చూడాలంటే సాయంత్రం దాకా ఆగాలి, అప్పుడు కూడా ముందు వాళ్ళు తాగిన తరువాతే నాకు. ఇంత లెక్క నేను ఒక్క క్షణంలో వేసుకున్నాను.

"తీపి సాల్లేదు దాదీమా" అన్నాను.

ఆమె గరిటెకు అంటిన పాకాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి సాగదీసి చూసింది. నా వంక చూసింది. తరువాత డబ్బా మూత తీసి రెండు గుప్పెళ్ళ చక్కెర పోసి, మళ్ళీ మంట పెట్టింది. కాసేపటికి ఇంకో గ్లాసు. ఈసారి కొంచెం పెద్ద గుటకే. ఇంకా పులుపే ముందుకు వస్తోందని చెప్పాను. ఆమె మళ్ళీ వేళ్ళ మధ్య చూసుకుంది, మళ్ళీ చక్కెర పోసింది.

మూడోసారి నేను అబద్ధమాడింది తిండియావతో కాదు. అది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. సరిగ్గా అప్పుడే తిరుచానూరు నుంచి ఎవరో మల్లెపూల దండ తెచ్చి ఇచ్చారు. నా నేస్తురాలు లోపలి నుంచి వచ్చి, దాన్ని మెడ దగ్గర పెట్టుకుని, నాకు కనిపించేటట్టు ఇటూ అటూ తిరిగింది.  నేను మూడో గ్లాసు అందుకుని, తాగి, ఇంకా చక్కెర కావాలన్నాను.

నాలుగో గ్లాసు నోట్లో పోసుకున్నాక భయం వేసింది. అందులో మామిడిపండు లేదు. ఒట్టి చక్కెర నీళ్ళకు పసుపు రంగు పూసినట్టుంది. ఇంతసేపు పొయ్యి మీద ఉండేసరికి వాసన ఎటు పోయిందో తెలియదు, పులుపు జాడే లేదు. దాదీమా నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. నేను తల ఊపి, బాగుంది అన్నాను. ఆ రోజు చెప్పిన నాలుగు మాటల్లో అదే పెద్ద అబద్ధం.

ఆమె డేగిసా దించి, చల్లారడానికి పల్చటి గుడ్డ కప్పి లోపలికి పోయింది. నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. ఇంటికి పోదామంటే కాళ్ళు రాలేదు. ఉండిపోతే ఏం చెయ్యాలో తెలియలేదు. అట్లాగే వాళ్ళ నడవలోకి పోయాను.

నా నేస్తురాలు అక్కడ నీళ్ళు చల్లి తుడిచిన గచ్చు మీద వెల్లకిలా పడుకుని ఉంది. నుదుటి మీద తడిగుడ్డ. పొద్దున దండ పట్టుకుని తిరిగిన పిల్ల కాదు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, గొంతు పీలగా వస్తోంది. చిత్తూరులో ఆ నెల మధ్యాహ్నం ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళు వచ్చి, చేతకాకపోతే విడిచిపెట్టు తల్లీ, వచ్చే యేడు చూసుకుందాం అంటే అది తల అడ్డంగా ఊపుతోంది. నన్ను చూసి చెయ్యి చాచి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆకలి లేదంది. ఒట్టి దప్పికేనంది. కళ్ళు మూసుకుంటే షర్బత్ గ్లాసే కనబడుతోందట, దాన్నే తలుచుకుంటూ గంటలు లెక్కపెడుతోందట.

"నువ్వు తాగినావు గదా మే. ఎట్లుండాదో సెప్పు. మెల్లిగా సెప్పు" అంది.

నేను చెప్పాను. మొదటి గుటక ఎట్లా ఉందో అట్లాగే చెప్పాను. ముందు ఖాదర్ పండు వాసన వస్తుంది, తరువాత తీపి, అంతా అయిపోయిందనుకుంటే అప్పుడు నాలుక అంచున పులుపు అన్నాను. అది కళ్ళు మూసుకుని వింటోంది. నేను ఒక్కొక్క మాట అంటుంటే గుటక వేస్తోంది, గొంతు కదులుతోంది, మింగడానికి నోట్లో ఏమీ లేదు. నేను చెబుతున్న షర్బత్ ఇప్పుడు ఆ ఇంట్లో ఎక్కడా లేదు. దాన్ని నేనే లేకుండా చేశాను. సూర్యుడు దిగిపోయాక ఇది లేచి, ఇంత నమ్మకంతో గ్లాసు ఎత్తితే నోట్లోకి పోయేది ఒట్టి చక్కెర నీళ్ళు. అప్పుడు నాకు నిజంగా ఏడుపు వచ్చింది. ముఖం తిప్పుకుని లేచిపోయాను.

దాదీమా నమాజులో ఉంది. నేను గడప దగ్గర నిలబడ్డాను. ఆమె ముగించి, చాప చుట్టి పెట్టి, ఇటు తిరిగేదాకా నిలబడే ఉన్నాను. తిరిగిన వెంటనే, ఆలస్యం చేస్తే చెప్పలేనని నాకు తెలుసు కాబట్టి, గడగడా చెప్పేశాను. పాకం పాడైపోయిందని, మొదటిసారే బాగుందని, మళ్ళీ తాగాలని అబద్ధం చెప్పానని. దండ సంగతి మాత్రం చెప్పలేదు.

ఆమె కొడుతుందనుకున్నాను. మా ఇంట్లో అయితే ఈపాటికి వీపు విమానం మోత మోగేది.  ఆమె తనకు అప్పుడే అనుమానం వచ్చిందని చెప్పింది. వేళ్ళ మధ్య జిగురు చూస్తే చక్కెర చాలనే అనిపించిందట. మరి ఎందుకు పోశావని అడిగాను. సిగ్గులేకుండా అడిగానేమో కూడా.

"అడిగినాను గదా బేటీ నిన్ను. అడిగినాక వినాల. వినేది లేకుంటే అడగనే గూడదు" అంది.

అంతే అంది. అందులో కోపం లేదు. అందుకే దెబ్బ కంటే ఎక్కువ తగిలింది. తన వేళ్ళు చెప్పినదాన్ని, ఇన్నేళ్ళు పాకం కాచిన వేళ్ళు చెప్పినదాన్ని పక్కన పెట్టి, తొమ్మిదేళ్ళ పిల్ల మాట విని ఆమె చక్కెర పోసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. నేను వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాను.

"ఏడవగాకు. కండ్లనీళ్ళు నోట్లోకి పోతే నాలిక ఉప్పగా అయిపోతాది. నీతో నాకింకా పనుండాది" అని, కొంగుతో నా ముఖం తుడిచింది.

పని అంటే పాకం బాగుచెయ్యడం. తీపి ఎక్కువైన దాన్ని విరగ్గొట్టాలంటే మళ్ళీ గుజ్జూ రసమూ పోయాలి. పచ్చి బెంగుళూరు కాయలు ఇంట్లో ఉన్నాయి. ఖాదర్ పండ్లు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. కొడుకు మండీ నుంచి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. మా ఇంట్లో ఉన్నాయని నాకు గుర్తొచ్చింది. పూతలపట్టు దగ్గరి రైతు ఒకాయన మా నాయనకు బుట్టెడు ఖాదర్ పండ్లు ఇచ్చి పోయాడు. శుక్రవారం తిరుచానూరుకు పోయేటప్పుడు అమ్మవారికి తీసుకుపోదామని అమ్మ అందులో మంచివి ఏరి, గడ్డిలో పెట్టి, ఎవరినీ తాకనివ్వకుండా మంచం కింద దాచింది. మిగిలినవి మేము రెండు రోజుల కిందటే తినేశాం.

గోడ దూకి పోయి అమ్మకు చెప్పాను. పండ్లు కావాలంటే ఎందుకని అడుగుతుంది, ఎందుకో చెప్పాలంటే జరిగినదంతా చెప్పాలి. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది, ఎందుకంటే దేశమంతా నా నాలుక గురించి డప్పు కొట్టుకున్నది ఆమే. అమ్మ వింటూ వింటూ కూరగాయలు తరగడం ఆపేసింది. చివరికి లేచి, మంచం కిందికి వంగి, పండ్లు ఒక్కొక్కటీ తీసి నా పావడాలో వేసింది. తొమ్మిది పండ్లు. ఒక్కటీ మిగల్చలేదు. అమ్మవారికో అని నేను గొణిగాను.

"అమ్మవారికి శుక్రవారానికి వేరేవి దొరుకుతాయి. ఆ బిడ్డ పొద్దున్నుంచి మంచినీళ్ళు గూడా తాగలా. పో" అంది.

మళ్ళీ పొయ్యి వెలిగించారు. నేను పండ్లు కడిగాను, పిసికాను, గుడ్డ ఒక కొస పట్టుకున్నాను. మోచేతుల దాకా రసం కారుతున్నా ఒక్క చుక్క నాకలేదు, నాకే ఆశ్చర్యం. దాదీమా పచ్చికాయ గుజ్జు వేసి తిప్పి, పండు రసం పోసి, గ్లాసు కలిపి నాకు చాచింది.

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. నేను చూడనన్నాను. ఇంకెవరినైనా పిలవమన్నాను.

"ఈ పొద్దు ఈ ఇంట్లో నోరు తెరిసేది నువ్వొక్కదానివే. నువ్వే సెప్పాల" అంది దాదీమా.

తాగాను. ఏమీ తెలియలేదు. పొద్దున్నుంచి తాగిన చక్కెరకు నాలుక మొద్దుబారిపోయింది. తీపో పులుపో చెప్పలేక ఆమె ముఖం వంక చూశాను, మా నాయన ముఖం చూసి బెల్లం పేరు చెప్పినట్టు ఇక్కడ కూడా ఏమైనా దొరుకుతుందేమోనని. ఆమె ముఖంలో ఏమీ లేదు. ఆమె కూడా నా ముఖమే చూస్తోంది. తెలియడం లేదని చెప్పాను. ఆ రోజు దాదీమాకు నా నాలుక గురించి చెప్పిన మొదటి నిజం అదే. ఆమె లోపలికి పోయి గుప్పెడు బొరుగులు తెచ్చి నా చేతిలో పోసి, మెల్లగా నమలమంది. ఉప్పు వేసిన నీళ్ళతో నోరు పుక్కిలించమంది. ఇద్దరమూ పెరట్లో కూర్చున్నాం. గోడ నీడ పొయ్యి దాకా జరిగి వచ్చింది.

మళ్ళీ తాగితే నాలుక పలికింది. ఇంకా తీపే ఎక్కువుందన్నాను. ఆమె మిగిలిన గుజ్జు పోసింది. ఈసారి పులుపు ఎక్కువైందన్నాను. చెప్పడానికి భయం వేసింది, మళ్ళీ చక్కెర పొయ్యమని చెబుతున్నాను కదా, నమ్ముతుందా అని. ఆమె వేళ్ళ మధ్య పాకం పట్టి చూసుకోలేదు. డబ్బా తీసి, గుప్పెడు పోసి, చాలా అన్నట్టు చూసింది. నేను సగం గుటక మాత్రం తాగి, గ్లాసు కింద పెట్టాను.

"బాగుండాది దాదీమా. మొదటి దాని మాదిరిగా లేదు. అయినా బాగుండాది" అన్నాను.

సీసాల్లో నింపేసరికి చుట్టాలు రావడం మొదలైంది. నా నేస్తురాలికి కొత్త బట్టలు కట్టి, మల్లెదండ వేసి, జరీ దుపట్టా కప్పి మధ్యలో కూర్చోబెట్టారు. మా అమ్మ కూడా వచ్చి ఆడవాళ్ళ వరసలో కూర్చుంది. నేను అమ్మ వెనక దాక్కున్నాను. అందరి ముందూ గ్లాసులు పెట్టి ఉన్నాయి, ఎవరూ ముట్టుకోవడం లేదు. అది గ్లాసు వంకే చూస్తోంది. నేనూ ఆ గ్లాసు వంకే చూస్తున్నాను. మసీదులో అజాన్ వినిపించింది. దాదీమా తన చేత్తో మనవరాలి నోట్లో ఖర్జూరం పెట్టి, గ్లాసు అందించింది.

అది ఆగకుండా తాగింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా కళ్ళు తెరవలేదు. తరువాత మూతి తుడుచుకుని, చుట్టూ ఉన్న అంతమందిలో నా కోసం వెతికి, అమ్మ భుజం మీదుగా నన్ను చూసి నవ్వింది.

"నువ్వు సెప్పినట్టే ఉండాది మే" అంది.

నాకు తెలుసు, అది నేను చెప్పినట్టు లేదు. మొదటి గుటకలో ఉన్నది ఇందులో కొంచెం తక్కువే. కానీ అది పగలంతా నా మాటను నోట్లో పెట్టుకుని దప్పిక ఆపుకుంది, అందుకని దానికి అట్లాగే తోచింది. నగరి మేనత్త షర్బత్ మెచ్చుకుని, ఈసారి రుచి చూసింది ఎవరని అడిగితే, దాదీమా నా వైపు చెయ్యి చూపి, మా పక్కింటి బిడ్డ అని చెప్పి, ఇంకో గ్లాసు కలపడానికి వంగింది. ఆమె అంతకు మించి ఆ రోజూ చెప్పలేదు, తరువాత ఎప్పుడూ చెప్పలేదు. నేను అమ్మ వీపుకు ముఖం ఆనించి ఏడ్చాను. అమ్మ వెనక్కి చెయ్యి పెట్టి నా కాలు నిమిరింది.

మర్నాడు నేను గోడ దగ్గరికి పోలేదు. ఇంక ఆ పని నాకు ఇవ్వరనే అనుకున్నాను, ఇవ్వకపోవడమే న్యాయమనీ అనుకున్నాను. మధ్యాహ్నం దాటాక గోడ అవతల నుంచి దాదీమా పిలిచింది. ఫిర్నీకి చక్కెర సరిపోయిందో లేదో చూసి పొమ్మంది. రంజాను అయిపోయేదాకా ప్రతిరోజూ పిలిచింది. ఒక్క రోజు కూడా పాకాన్ని వేళ్ళ మధ్య పట్టి నా మాటను సరిచూసుకోలేదు. అబద్ధమాడిన పిల్లను మళ్ళీ నమ్మడానికి ఎంత ధైర్యం కావాలో, పిల్లలను పెంచాక, మనవరాళ్ళను ఎత్తుకున్నాక నాకు తెలిసింది. నేను అంత ధైర్యం ఎన్నిసార్లు చేశానంటే చెప్పుకోదగినన్ని సార్లు చెయ్యలేదు.

దాదీమా పోయి చాలా ఏళ్ళయింది. ఆ గోడా లేదు, ఆ ఇళ్ళూ లేవు. నేను ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. ఎండాకాలం వస్తే ఖాదర్ పండ్లు తెచ్చి పాకం కాస్తాను, ఆమె కాచినట్టు మాత్రం రాదు. ఇంట్లో నాకు పుల్లవిరుపు మనిషినని పేరు. కోడలు పులుసు ఎట్లా ఉందత్తా అని అడిగితే, ఉప్పు తక్కువైతే తక్కువైందని చెబుతాను, బాగుంటే బాగుందంటాను. మనవరాలు తను రాసుకున్నది చదివి ఎట్లా ఉంది జేజీ అంటే, దానికి ముఖం చిన్నబోతుందని తెలిసినా ఉన్నది చెబుతాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా వాళ్ళు నాకు బుద్ధి చెబుతుంటారు. నిజమే కావచ్చు.

కానీ ఎవరైనా వచ్చి ఎట్లా ఉందని నన్ను అడిగినప్పుడు, నేను వెంటనే జవాబు చెప్పలేను. ఈ మనిషి నా మాట విని ఏదో చెయ్యబోతోంది, తన చేతికి తెలిసినదాన్ని కూడా పక్కన పెట్టి చెయ్యబోతోంది అనిపిస్తుంది. ఆ మనిషి వెనక ఎక్కడో, నాకు కనబడని గదిలో, పొద్దున్నుంచీ దప్పికతో పడుకుని ఎదురుచూస్తున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళను ఒకసారి తలుచుకుని, అప్పుడు నోరు తెరుస్తాను.